బాయి అంటే ఏంది తాతా? (సింగరేణి సీఎండీ గారికి బహిరంగ లేఖ)

సింగరేణి కాలరీస్ చైర్మన్ అండ్ మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

రామగిరి మండలం సెంటినరీ కాలనీ నుంచి ఒక పాత మైనింగ్ సర్దార్‌ను రాస్తున్న.

ముందే చెప్తున్న, ఇది పింఛను ఉత్తరం కాదు. 1998లో పెట్టిన బొగ్గు గనుల పింఛను స్కీములో ఒకసారి లెక్క కట్టిన పైసలు, ధరలు ఎంత పెరిగినా అట్లనే ఉంటయని మీకూ తెలుసు, మాకూ తెలుసు. దాని మీద రాసేటోళ్లు, కొట్లాడేటోళ్లు వేరే ఉన్నరు. నాది ఇంకో సంగతి. మా మనుమరాలికి ఐదేండ్లు. ఒకనాడు అన్నం తినుకుంట అడిగింది: "తాతా, నువ్వు బాయిల పని చేసినవంట గద. అండ్లకెల్లి నీళ్లు తోడినవా?"

మా దిక్కు నీళ్ల బాయీ బాయే, బొగ్గు బాయీ బాయే. పిల్లకు తెలిసింది మొదటిదే. పాపం, తాత గిరక పట్టుకొని ముప్పై అయిదేండ్లు చేదతో నీళ్లు చేదిండని అనుకున్నది. నాకు నవ్వొచ్చింది. ఆమె అన్నదాంట్ల అబద్ధం కూడా లేదు. బొగ్గు తీసుడు ఎంత పనో, బాయిలో ఊరే నీళ్లను పంపులు పెట్టి పైకి కొట్టుడు కూడ అంత పనే. సరే, బొగ్గు బాయి అంటే ఇదీ అని చెప్దామని కూసున్న. ముందుగాల బొగ్గు చూపియ్యాలె కదా? ఇంట్ల బొగ్గు లేదు. నా పెండ్లయిన కొత్తల ప్రతి క్వార్టర్ ముంగట బొగ్గు కుప్ప ఉండె. పొద్దుగూకితే చాలు, లైనుకు లైను బొగ్గుల పొయ్యిల పొగ. ఇప్పుడందరికీ గ్యాసే. మంచిదే, ఆడోళ్ల కండ్లు బతికినయి. కాని బొగ్గు తవ్వే ఊర్ల పుట్టిన పిల్ల ఐదేండ్ల దాక ఒక్క బొగ్గు పెళ్లను చేతులతో పట్టుకోలేదంటే, మీరు కూడ ఒకసారి ఆలోచించండి సార్.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్త. 1984లో బదిలీ వర్కర్‌గా దిగిన. బదిలీ అంటే నాగా చేసినోడి జాగల పని. భూమి లోపల ఏడాదికి 190 మస్టర్లు, అంటే హాజరీలు, నిండితేనే పర్మినెంటు లైన్ల నిలబడుడు. నిండినయి. తర్వాత పరీక్ష రాసి సర్దార్ అయిన. 2019లో మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేసింది, కారుణ్య నియామకం కింద నా కొడుకు ఎక్కిండు. అదే కాలనీ, అవే షిఫ్టులు, మనిషే మారిండు. మరుసటేడు మనుమరాలు పుట్టింది.

కొడుకు చిన్నతనం ఎట్లుండెనని ఎవరన్న అడిగితే నాకు తెల్వదు. మొదటి షిఫ్టు వారం ఏడింటికి బాయి మీద ఉండాలె, నేను ఇంట్లకెల్లి వెళ్లేటప్పుడు వాడు నిద్రల ఉండె. రెండో షిఫ్టు వారం పదకొండింటికి బాయిలకెల్లి పైకొచ్చి ఇంటికి చేరేసరికి మళ్ల నిద్రలనే. మూడో షిఫ్టు వారం వాడు మేల్కొని ఉంటే నేను నిద్రల ఉండె. మా ఇంట్ల పిల్లలకు అమ్మ, బాపు కంటె ముందు వచ్చిన మాట "హుష్". చప్పుడు చేయకుండ్రి, బాపు పండుకున్నడు. నా భార్య పప్పు గిన్నె మీద మూత కూడ మెల్లగ పెట్టేది, మోగుతదని.

ఇగ ఆదివారమన్న ఉండొద్దా అంటరా? ప్లే డే ఉండె కదా సార్. బయటి ఊరోళ్లు ఆ మాట వింటే ఆటల రోజు అనుకుంటరు. సెలవు రోజు డ్యూటీ చేస్తే డబల్ పైసలు వచ్చే మస్టర్‌కు మనం పెట్టుకున్న పేరు అది. ఇల్లు కట్టాలె, చెల్లె పెండ్లి చెయ్యాలె. ప్లే డే దొరికిన ఆదివారం నేను ఇంట్ల ఉన్నది లేదు. నా కొడుకు ఏ వయసుల సైకిల్ నేర్చుకున్నడో, మొదటి పన్ను ఏ పండుగకు ఊడిందో నన్నడిగితే వాళ్ల అమ్మను పిలుస్త.

మనుమరాలి సంగతి అట్ల కాదు. ఎన్నో పన్ను కదులుతుందో, ఏ అక్షరం ఎదురు తిప్పి రాస్తదో, ఏ కూర పెడితే మూతి తిప్పుతదో అన్నీ లెక్కే. దీనికీ షిఫ్టులే కారణం. కొడుకు మూడో షిఫ్టు వారం వచ్చిందంటే, పొద్దున ఎనిమిదింటికి ఇంటికొచ్చి ఇంత నాష్టా చేసి పంటడు. మళ్ల అదే రెండు గదుల క్వార్టర్, మళ్ల అదే "హుష్". ఈసారి మాత్రం నోరు మూసే పని లేదు. పిల్లకు బడి లేని రోజైతే చెప్పులేసి చెయ్యి పట్టుకొని నేను బయటికి తీసుకపోత. వాడికి మూడో షిఫ్టు, నాకు మొదటి షిఫ్టు. కాలనీ రోడ్ల మీద చూడండి, ఆ టైముకు మనుమలను పట్టుకొని తిరిగే ముసలోళ్లు ఎంతమంది కనిపిస్తరో. ఇంట్ల పిల్లగాడు నైట్ షిఫ్టు చేసొచ్చి పండుకుంటే, వాడి నిద్రకు బయట కావలి కాసేటోళ్లు వాళ్లు.

ఇంతకూ ఏం చేస్తం? చాలా పని ఉంటది. సర్దార్ చేతిల కర్ర ఉంటదని మీకు నేను చెప్పాల్సిన పని లేదు. పని జాగల అడుగు పెట్టంగనే కర్రతోని పైకప్పును కొట్టి, రెండో చేతి వేళ్లు బండకు ఆనిచ్చి వినాలె. ఖంగుమంటే గట్టి బండ. డొల్లగ మోగి వేళ్లకు అదురు తగిలిందంటే లోపల విడిపోయిందని అర్థం, మనుషులను వెనకకు పిలవాలె. ఆ చెవి ఇంక నాతోనే ఉన్నది, దాన్ని వాడే పనే పోయింది. అందుకని మనుమరాలికి నేర్పిస్తున్న. పుచ్చకాయ కాడ మొదలుపెట్టినం. తర్వాత బిందెలు, నీళ్ల ట్యాంకు, తలుపులు, వేపచెట్టు మొద్దు. ఇప్పుడు ఆమె చేతిల చిన్న కర్ర లేకుంటే బయటికి రాదు. ఎల్లమ్మ గుడి మెట్ల కాడ ఒక బండను కొట్టి, చెవి ఆనిచ్చి, "తాతా, ఇది డొల్ల" అన్నది. నేను కొట్టి చూస్తే నిజమే. పదేండ్లు పనిచేసిన మనిషికి కూడ ఒక్కోసారి పట్టుబడని తేడా అది! మరునాడు నా నెత్తి మీద కొట్టి వినింది. ఏం తేల్చిందో రాయను.

అన్నం కాడ ఇంకో కథ. బాయిల టబ్బులు లాగే హాలేజీ మీద ఒక గంట కొడితే ఆగుమని అర్థం. అది చెప్పిన పాపానికి, వాళ్ల బాపమ్మ (నా భార్య) నోట్ల ముద్ద పెట్టబోతే కంచం మీద చెంచాతోని ఒక్కటి కొడతది. ఆపాలె. ఆపకుంటే "రూలు" అంటది. ఆ బాపమ్మ ఈ కంపెనీ రూల్స్ మీద ఏమన్నదో కూడ రాయను.

గోడ మీద మస్టర్ రోల్ ఉన్నది. బొగ్గు లేదన్న కదా, సున్నపు బలపంతో గీస్తది. పొద్దున నేను ఆమెను బయటికి తీసుకపోతే ఒక గీత. మోకాళ్ల నొప్పితో పోకుంటే సున్న, అంటే నాగా. నెలాఖరున లెక్క చూసి "నీకు రెండు నాగాలు ఉన్నయి తాతా, జీతం కట్" అని చెప్తది. 190 నిండితే ఏమిస్తవని అడిగిన. పర్మినెంట్ చేస్త అన్నది.

ఇదంతా నా ఒక్కడి ముచ్చటే అనుకునేరు. బాపమ్మది వేరే రాజ్యం. సద్దుల బతుకమ్మ నాడు తంగేడు, గునుగు ఏరుడు నుంచి మొదలుపెడితే దీపావళి దాక ఆ ఇద్దరి నడుమల నాకు జాగా దొరకదు. ఆమెకు కూడ ఒక బాకీ తీరుతున్నట్టున్నది. ఇరవై ఏండ్లు పిల్లలను "హుష్" అని పెంచిన మనిషి, ఇప్పుడు మనుమరాలు అరిస్తే "అరవనీయి, నీకేం పోయింది" అని నా మీదికే లేస్తది.

మొన్న శ్రావణంలో రామగిరి గుట్ట ఎక్కుదామని బయలెల్లినం. ఆ నెలంతా జనం ఖిల్లాకు వస్తనే ఉంటరు కదా, వనమూలికలకు పేరున్న గుట్ట. మొత్తం ఎక్కలేకపోయినం, సగంల నా మోకాళ్లు ఒక గంట కొట్టినయి. కూసున్న కాడికెల్లి దూరంల ఓపెన్‌కాస్టు మట్టి గుట్టలు కనిపించినయి. పిల్ల చూసింది, "తాతా, ఏ గుట్ట పెద్దది?" అని. ఇది పెద్దది, అది చిన్నది అని చెప్పిన. "అది ఎవలు పెట్టిండ్రు?" "మేమే." కొంచెంసేపు ఏమనలే. తర్వాత, "ఇది?" అని రామగిరిని చూపించింది. దేవుడు పెట్టిండని చెప్పిన. "మరి మీరు దేవుని కంటె ఎందుకు తక్కువ పెట్టిండ్రు?" అని అడిగింది. కంపెనీ ఉత్పత్తి లక్ష్యాల మీద ఇంత సూటిగ మీ మీటింగుల్లో కూడ ఎవరూ అడిగి ఉండరు.

దిగొచ్చేటప్పుడు ఇంకో ప్రశ్న. సెంటినరీ అంటే ఏంది? వంద అని చెప్పిన. ఏం వంద? అప్పుడు మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. 1871లో విలియం కింగ్ అనే దొర ఇల్లందు దిక్కు బొగ్గు ఉన్నదని కనిపెట్టుడు, 1889లో తవ్వకం మొదలుపెట్టుడు, 1989కి నూరేండ్లు నిండుతే ఈ కాలనీకి ఆ పేరు పెట్టుడు. ఆమెకు ఇప్పుడిప్పుడే వంద దాక లెక్క వస్తున్నది. గుట్ట కిందికెల్లి రోడ్డు దాక ఒకటి నుంచి వంద దాక లెక్కపెట్టుకుంట దిగింది. కాలనీ పేరు తెలుసుకున్నది గాని, ఆ నూరేండ్లల్ల మనుషులు ఏం చేసిండ్రో నేను నోటితోనే చెప్పాల్సి వచ్చింది. నోటితో చెప్తే చీకటి కనిపించదు సార్.

రామగుండం ఎన్‌టీపీసీ 2,600 మెగావాట్ల ప్లాంటు ఇక్కడి బొగ్గుతోనే నడుస్తదని చెప్పి, ఇంట్ల ఫ్యాన్ స్విచ్ వేసి, ఇది తాత బొగ్గే అన్న. ఇప్పుడు కరెంటు పోతే "తాతా, నీ బొగ్గు అయిపోయింది" అంటది. బాగనే ఉన్నది. కాని కథ మొదలు ఆమె చూడలేదు, కొస ఒక్కటే చూసింది.

అందుకని ఒకనాడు బాయి గేటు దాక తీసుకపోయిన. లోపలికి కాదు, ల్యాంపు రూము దూరంగ చూపిద్దామని. కావలి పిలగాడు మర్యాదగనే ఆపిండు. వాడిది తప్పు లేదు. పద్దెనిమిదేండ్లు నిండనోళ్లను పని నడిచే చోటికే రానియ్యొద్దన్నది 1952 నాటి గనుల చట్టం పెట్టిన రూలు. ఆ చట్టం ఎందుకు వచ్చిందో, పిల్లలతో బొగ్గు మోయించిన కాలం ఎట్లుండెనో తెలిసినోణ్ని. దాన్ని సడలించుమని అడగను. మనుమరాలికి పద్దెనిమిది నిండేసరికి నాకు డెబ్బై అయిదు దాటుతది, అంతే నా బాధ. ఆమె అప్పుడు దిగొచ్చు కూడ. ఆడోళ్లు భూగర్భ గనుల్లో సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాలు చేయొచ్చని 2019లో కేంద్రం చెప్పింది. మా ఇంట్ల నా తర్వాత కర్ర పట్టేది కొడుకు కాదేమో, ఈ పిల్లనేనేమో. పుచ్చకాయల కాడ ఆమె చెవి మంచిగున్నది మరి.

ఇగ అసలు సంగతి. 2022 చివర్ల ఆర్టీసీ, మన కంపెనీ కలిసి సింగరేణి దర్శన్ అని పెట్టి హైదరాబాద్ నుంచి జనాన్ని బస్సుల తీసుకొచ్చి గని చూపించిండ్రు. టీవీల చూసిన. టోపీలు పెట్టుకొని, బెల్టులు కట్టుకొని, ఫోటోలు దిగుతున్నరు. బాగనిపించింది, కొంచెం కడుపుమంట కూడ అనిపించింది. హైదరాబాద్ నుంచి వచ్చినాయనకు బాయి కనిపించింది, నాలుగు కిలోమీటర్ల దూరంల ఉన్న మా మనుమరాలికి కనిపించలే. మళ్ల ప్రతి డిసెంబర్ 23న సింగరేణి డే చేస్తరు, 1920లో ఆ రోజునే కంపెనీకి సింగరేణి పేరు వచ్చిందని. ఇక్కడ రాణి రుద్రమదేవి గ్రౌండుల స్టాళ్లు పెడతరు. గని నమూనాలు ఉంటయి, రెస్క్యూ వాళ్ల సామాను ఉంటది, పక్కనే మిరపకాయ బజ్జీల స్టాలు ఉంటది. బజ్జీల కాడ జనం ఎక్కువ ఉంటరనుకోండి. రాత్రి అయ్యేసరికి అన్నీ విప్పి లారీల ఎక్కిస్తరు. మళ్ల ఏడాది దాక లేదు.

ఆ నమూనాలను విప్పకుండ ఉంచుండ్రి. నా దరఖాస్తు అదే. నాగ్‌పూర్ దగ్గర సావనేర్‌ల వెస్ట్రన్ కోల్‌ఫీల్డ్స్ వాళ్లు గనిని చూసే ఏర్పాటు చేసిండ్రు, అది మనకు దూరమేం కాదు. ఇంక దూరం పోతే వేల్స్‌ల బిగ్ పిట్ అని ఒక బాయి 1980ల మూతపడితే, 1983ల చూడొచ్చెటోళ్లకు తెరిచిండ్రు. అక్కడ జనానికి టోపీ పెట్టి, క్యాప్ ల్యాంపు కట్టి, కేజ్‌ల తొంభై మీటర్లు కిందికి తీసుకపోయి చూపించింది అంతకుముందు బాయిల పనిచేసినోళ్లే. చూపించుడుకు వాళ్ల కంటె మంచి మనిషి ఎవడు దొరుకుతడు? మనకు కేజ్‌లు, తొంభై మీటర్లు వద్దు. కాలనీల ఒక మూలకు, పని నడిచే చోటికి దూరంగ, పది బారల చీకటి గల్లీ ఒకటి కట్టుండ్రి. పైకప్పుకు దిమ్మెలు, పక్కకు ఒక పాత టబ్బు, హాలేజీ తాడు ముక్క, గంట. గోడకు నిజమైన బొగ్గు పొర. తాకనియ్యండి, చేతులు నల్లగ కానియ్యండి, బయట నల్లా ఒకటి పెట్టుండ్రి కడుక్కోను. లోపల లైట్ ఆర్పేస్తే, క్యాప్ ల్యాంప్ ఒక్కటే వెలిగితే, అప్పుడు తెలుస్తది పిల్లలకు తాత ఎక్కడ ఉండెనో. బాపమ్మలకు కూసోను నీడ, తాగను నీళ్లు, బాత్రూము మర్చిపోకండి. ఈ లైను మా ఇంటామె చెప్పి రాయించింది.

పైసలా? చూపించెటోళ్ల జీతం లేదు. రిటైరయినోళ్లం, అన్‌ఫిట్ అయినోళ్లం ఈ బెల్టంతా ఉన్నం. షిఫ్టులేసుకొని మేమే నిలబడతం. షిఫ్టు లెక్కలు మాకు ఎవరూ నేర్పాల్సిన పని లేదు. ఓవర్‌మన్ ఒకరోజు, టింబర్‌మన్ ఒకరోజు, కోల్ ఫిల్లర్ ఒకరోజు. ఫిల్లర్లు మాట్లాడితే బయటికి తేవుడు కష్టమనుకోండి, అది మేం చూసుకుంటం.

ఒక గోడ మీద పేర్లు రాయించుండ్రి. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిల నీళ్లు వచ్చి పదిహేడు మంది పోయిండ్రు. నా మనుమరాలు బాయిల నీళ్లు తోడినవా అని అడిగినప్పుడు నవ్వినంక నాకు అన్నం సహించలే, కారణం అది. ఆ రోజు ఈ కాలనీల ఏ ఇంట్లనూ పొయ్యి వెలిగినట్టు యాది లేదు. ఆ పదిహేడు మందికి కూడ ఇప్పుడు మనుమలు, మనుమరాండ్లు ఉంటరు. వాళ్లను చెయ్యి పట్టి తీసుకపోయే తాత లేడు. నేను ఆ పిల్లలకు కూడ చూపిస్త.

సార్, డిసెంబర్ 23 వస్తది. ఈసారి స్టాళ్లు విప్పేటప్పుడు ఒక్కదాన్ని ముట్టుకోవద్దని చెప్పుండ్రి. అక్కడ నిలబడెటోడు ఎవడని మీ ఆఫీసర్లు అడిగితే, సెంటినరీ కాలనీల నేనున్న. మొదటి షిఫ్టుకే వస్త, మనుమరాలితోని.

ఇట్లు,
ఒక పాత మైనింగ్ సర్దార్,
సెంటినరీ కాలనీ, రామగిరి మండలం,
పెద్దపల్లి జిల్లా